బిస్కెట్ విరిగే లోపు

చైతన్యపురిల మూడో అంతస్తు.
కింద జిరాక్సు షాపు, పైన రేకుల షెడ్డు,
నడుమ నూట పన్నెండు మందిమి,
లాంగ్ టర్మ్ బ్యాచ్.
అంటే ఒకసారి పోయి తిరిగొచ్చినోళ్లం.
చుట్టాలు మా ముచ్చట ఎత్తరు,
ఎత్తితే గొంతు తగ్గిస్తరు
ఇంట్ల ఎవరికో బాగలేనట్టు.

ఖలీల్ సార్ కెమిస్ట్రీ.
మొదటి రోజు బోర్డు మీద ఏం రాయలే.
సంచిలకెల్లి ఫ్లాస్కు తీసిండు, ఒక కప్పు,
కాగితంల చుట్టిన ఉస్మానియా బిస్కెట్.
"టైట్రేషన్" అన్నడు.
ముంచిండు. ఆగిండు.
ఇంకొంచెం ముంచిండు.
నూట పన్నెండు మెడలు ముందుకు సాగినయ్.
పుటుక్కున సగం బిస్కెట్ చాయ్‌ల మునిగింది.
"ఎండ్ పాయింట్ దాటింది బేటా,
ఇగ చెంచా పెట్టి దేవులాడినా దొరకది."

క్యాటలిస్ట్ అంటే
రెండిళ్ల నడుమ కొట్లాట పెట్టి
చొక్కా నలగకుండ బయటికొచ్చే పెద్దమనిషి.
నోబుల్ గ్యాస్ మా హాస్టల్ వార్డెన్,
ఎవ్వరితోని కలవడు, ఎవ్వరికీ ఏదీ ఇయ్యడు.
ప్రెషర్ పెరిగితే ఈక్విలిబ్రియం ఎటు జరుగుతది?
ఎల్బీనగర్ బస్సెక్కి కండక్టర్‌ను అడగమన్నడు:
"తక్కువ మంది ఉన్న దిక్కు జరగండి, జరగండి!"

సోమవారం సోమవారం
గోడకు ర్యాంకులు అంటిస్తరు.
కొందరు తలెత్తి చదువుకుంటరు.
నా పేరు కోసం నేను వంగాలె,
చెప్పుల వరస పక్కన, బల్లి గుడ్ల దగ్గర.
మూడు సోమవారాలు వంగిన.
నాలుగో సోమవారం వంగలే.
వెనుక బెంచీల కూసొని
కిటికీ చువ్వలు లెక్కబెట్టిన. పదకొండు.
మళ్ల లెక్కబెట్టినా పదకొండే.

సార్ చూసిండు.
ముక్కు మీది పుట్టుమచ్చ చూపెట్టి
"ఇది ఒక్క మోల్, లెక్కబెట్టు,
ఆరు పక్కన ఇరవై మూడు సున్నాలు" అన్నడు.
క్లాసు నవ్వింది. నేను నవ్వలే.
తెల్లారి గాడిదకు యాసిడ్ తాపిన కథ చెప్పిండు.
అది ఎవ్వరికీ సమజ్ కాలే.
మూడోనాడు పుస్తకం మూసి నా దిక్కే చూసుకుంట,
"మంజీర నీళ్లు రోజు విడిచి రోజు కదా పట్నంల?
నువ్వేందమ్మా మంజీరా, రోజూ వదులుతున్నవ్?"

ఎంత చెత్త జోకు!
పుట్టినప్పటి సంది నా పేరు మీద
ట్యాంకర్ తోలనోడు లేడు.
గని అంత ధైర్యంగ, అంత పొరపాటుగ
ఎవరూ చెప్పలే.
ముక్కులకెల్లి వచ్చింది నవ్వు,
దస్తీ లేక చున్నీ తడిసింది.

ఎండాకాలం ఒక సాయంత్రం, కరెంటు లేదు.
మెట్ల మీద సార్ ఒక్కడే,
ఫోన్ లైటు నోట్ల కరుచుకొని
ఎర్ర పెన్నుతోని ఏదో దిద్దుతున్నడు.
మా టెస్టు పేపర్లనుకున్న.
నన్ను చూసి లైటు జారిపోయింది, నోట్‌బుక్కూ జారింది,
నేనే ఏరి ఇచ్చిన. ఇచ్చేలోపు చదివిన.
"గాడిద: ఎవరూ నవ్వలే. మానెయ్యాలె."
"బస్సు: ముందు బెంచీలకు నడిచింది."
ఒక పేజీల నా పేరు,
దాని కింద ఇంటూ, ఇంటూ, టిక్కు.
టిక్కు కింద రెండు గీతలు.
ఆయనకూ ఉన్నయ్ వారం వారం పరీక్షలు,
గోడకు అంటించరు, అంతే.

సెంటరు ఘట్‌కేసర్ దాటినంక ఎక్కడో.
ఫ్యాన్ కింద కాళ్లు వణికినయ్.
డెబ్బై ఒకటో ప్రశ్న చదివేసరికి
కప్పు, చెయ్యి, పుటుక్కు.
గట్టిగనే నవ్విన.
ఇన్విజిలేటర్ మేడమ్ వచ్చి నా అరచేతులు చూసింది,
బెంచీ కింద చూసింది.
ఏం చెప్పాలె ఆమెకు?
బిస్కెట్ విరిగింది మేడమ్ అనాల్నా?

రాత్రి సార్ ఫోన్ చేసిండు.
"మార్కులు తర్వాత. ఎన్ని జోకులొచ్చినయ్ పేపర్ల?"
"ఐదొచ్చినయ్ సార్. ఒకటి తప్పు పెట్టిన."
"ఏది?"
"బస్సుది."
అవతల కాసేపు మాట లేదు.
కాగితం తిప్పిన చప్పుడు.
"అది నేనే సరిగ్గ చెప్పలే బేటా,
మళ్ల రాస్త."